చేతికి తగిన సాధనం ఎలా దొరికింది

బైకు ప్రమాదంలో మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. సీ6, అంటే మెడలో ఆరో స్థాయి గాయం అన్నారు డాక్టర్లు. భుజాలు కదులుతాయి, మోచేతులు ముడవగలను, మణికట్టు పైకి లేస్తుంది. వేళ్ళు మాత్రం నా మాట వినవు. నేను దస్తావేజు లేఖరిని.

పునరావాస కేంద్రంలో, రోజువారీ పనులు మళ్ళీ చేసుకునేలా తర్ఫీదిచ్చే ఆక్యుపేషనల్ థెరపిస్టు మేడమ్ మొదటిరోజు పరికరాల బీరువా తెరవనే లేదు. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఏమేం చేసేవారు, వాటిలో ఏవి మళ్ళీ మీ అంతట మీరు చేసుకోవాలనుంది అని అడిగారు. ఒక్కో పని ఎంత ముఖ్యం, ఇప్పుడు ఎంతవరకు చేయగలుగుతున్నాను, అందులో తృప్తి ఎంత అని పదికి మార్కులు వేయించారు. ఈ పద్ధతి కెనడాలో పుట్టిందట. మా ఆవిడ ఏదో చెప్పబోతే, "అమ్మా, ముందు ఆయన్ని చెప్పనివ్వండి" అన్నారు. నా కళ్ళు చెమర్చాయి. ప్రమాదం తరువాత నా సంగతి నన్నే అడిగినవారు ఆమే. సొంతంగా తినడం, టైపు చేయడం అని చెప్పాను.

తరువాత చెయ్యి చూశారు. మణికట్టు పైకెత్తితే వేళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి, కిందికి వాలిస్తే తెరుచుకుంటాయి. దీన్ని టెనోడెసిస్ అంటారు. కండరాలకు ఆజ్ఞ అందకపోయినా, వాటిని ఎముకలకు కలిపే స్నాయువుల బిగువే ఆ పట్టునిస్తుంది. మా అమ్మ రోజూ నూనె రాసి, మణికట్టు వెనక్కి వంచి, వేళ్ళు నిటారుగా సాగదీసేది. ప్రేమతోనే. కానీ రెండూ కలిపి సాగదీస్తే ఉన్న బిగువు కూడా పోతుందట. వేళ్ళు చాపేటప్పుడు మణికట్టు కిందికి వాలి ఉండాలని మేడమ్ అమ్మ చేత చేయించి మరీ చూపారు. ఇలాంటి గాయమైనవారి ఇళ్ళన్నిటిలో ఈ సంగతి తెలియాలని నా ఆరాటం.

ఆ పట్టుతో తేలికపాటి గ్లాసు ఎత్తగలను, చెంచా నిలవదు. అందుకని అరచేతికి చుట్టుకునే పట్టీ ఇచ్చారు, యూనివర్సల్ కఫ్ అంటారు. దాని చిన్న జేబులో చెంచా, బ్రష్షు, పెన్ను ఏదైనా దూర్చుకోవచ్చు. పళ్ళతో లాగి బిగించుకునేలా పట్టీ చివర రింగు కుట్టించారు. ఇంకొకరు వచ్చి తొడిగేదాకా ఎదురుచూడనక్కర్లేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ రింగే.

అదే కఫ్‌లో రబ్బరు మొన ఉన్న కడ్డీ పెట్టి టైపు చేయించారు. తెలుగు టైపింగుకు వాడే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఖ, ఘ, ఛ లాంటి అక్షరాలకు షిఫ్ట్ పట్టుకుని ఇంకో కీ నొక్కాలి. ఒక్క కడ్డీతో అది కుదరదు. ఆమె కొత్త కీబోర్డేమీ కొనమనలేదు. విండోస్‌లో షిఫ్ట్ ఐదుసార్లు నొక్కి స్టికీ కీస్ పెట్టారు. ఇక ముందు షిఫ్ట్, తరువాత అక్షరం, విడివిడిగా నొక్కితే చాలు. పైసా ఖర్చు లేదు! నోటితో చెబితే తెలుగులో టైపయ్యే సదుపాయమూ చూపారు. ఉత్తరాలకు సరే, సర్వే నంబర్లూ హద్దులూ ఉండే దస్తావేజుకు వద్దన్నాను. అదీ రాసుకున్నారు.

అంతకుముందు దాతలిచ్చిన చక్రాల కుర్చీ నాకు బాగా వెడల్పు. ఒకపక్కకు ఒరిగిపోయేవాణ్ణి. అలా బరువంతా ఒకే తుంటిమీద పడితే పుండ్లు పడతాయి. మేడమ్ నా తుంటి వెడల్పు, తొడ పొడవు టేపుతో కొలిచారు, మా ఇంటి గుమ్మాల కొలతలు కూడా తెప్పించుకున్నారు. మా అరుగు ఎత్తు అడుగున్నర. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు చొప్పున వాలుదారికి 18 అడుగులు కావాలి. వాకిట్లో అంత చోటు లేక మధ్యలో మలుపు తిప్పి కట్టించాం. వికలాంగులకు సాధనాలిచ్చే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకంలో నెల ఆదాయం 22,500 రూపాయల లోపుంటే సాధనాలు ఉచితం, 30,000 వరకు సగం ధరకు ఇస్తారు.

మౌస్ సంగతి ఇంకా తేలలేదు. పైనున్న బంతిని తిప్పితే తెరమీద బాణం కదిలే ట్రాక్‌బాల్ ఒకటి ఇచ్చి, ఇంట్లో నా బల్లమీదే వాడి చూసి చెప్పమన్నారు. అరచేతి అంచుతో బంతి తిప్పగలుగుతున్నాను, క్లిక్ చేయడమే కష్టంగా ఉంది. ఈసారి వెళ్ళినప్పుడు ఆ మాటే చెబుతాను.