ఆ ఒక్క గంట వెనక ఉన్న బాబాయ్

బాబాయ్ పోయి ఏడాది దాటింది. ఆ ఉదయం గురించి ఇప్పటికీ నిమిషాలతో సహా చెప్పగలను. ఆరూ నలభైకి ఫోన్ మోగింది. బాబాయ్ కొడుకు. "అన్నయ్యా, నాన్న లేవట్లేదు" అన్నాడు. నేను వేసుకున్న చొక్కా, హాస్పిటల్ కారిడార్‌లో మిణుకుమిణుకుమంటున్న ట్యూబులైటు, పిన్ని చేతిలో నలిగిపోయిన ఆయన కళ్లజోడు కవరు, అన్నీ కళ్ల ముందే ఉన్నాయి. కానీ ఆయన నవ్వు ఎలా ఉండేదో గుర్తు చేసుకుందామంటే నెలల తరబడి నా వల్ల కాలేదు. అరవై రెండేళ్లు బతికిన మనిషి నా తలలో ఆ ఒక్క గంటకి కుదించుకుపోయారు. ఆ గంట వెనక నుంచి ఆయన్ని మళ్లీ బయటికి తెచ్చుకోవడానికి మేం ఏం చేశామో రాస్తున్నాను.

ముందు అపరాధ భావం గురించి చెప్పాలి. హఠాత్తుగా పోయినప్పుడు అది ఇంట్లో ఎవర్నీ వదలదు. ముందురోజు రాత్రి బాబాయ్ నాకు వాయిస్ మెసేజ్ పెట్టారు. విన్నాను, రేపు చేద్దాంలే అనుకుని పడుకున్నాను. తమ్ముడిదేమో ఇంకో బాధ. పక్క గదిలోనే ఉండి తనకి తెలియలేదని. డాక్టరు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు. గుండెపోటులో గుండెకి రక్తం తీసుకెళ్లే నాళం మూసుకుపోతుంది, గుండె మాత్రం కొట్టుకుంటూ ఉండొచ్చు. కార్డియాక్ అరెస్ట్‌లో గుండె రక్తాన్ని పంపడమే ఆపేస్తుంది, చేతిలో ఉండేవి నిమిషాలే. బాబాయ్‌కి అది నిద్రలో, తమ్ముడు లేపడానికి చాలాసేపటి ముందే జరిగిపోయింది. ఆ మాట తమ్ముడి మనసుకి ఎక్కడానికి చాలా రోజులు పట్టింది. తర్వాత ఇద్దరం కలిసి సీపీఆర్ నేర్చుకున్నాం, అంటే గుండె ఆగిన మనిషికి వెంటనే చేసే ప్రథమ చికిత్స. ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలి. నేర్చుకుంటున్నంతసేపూ తమ్ముడి కళ్లు తడిగానే ఉన్నాయి.

దుఃఖం ఐదు దశల్లో నడుస్తుందని అందరూ చెప్పేవాళ్లు: నమ్మలేకపోవడం, కోపం, బేరమాడటం, కుంగిపోవడం, ఒప్పుకోవడం. నేను ఎవరిమీదైనా విసుక్కుంటే "ఇప్పుడు కోపం దశలో ఉన్నావు" అనేవాళ్లు. నాకు ఏదీ ఆ వరసలో రాలేదు. వారమంతా మామూలుగా ఉండి, స్క్రూడ్రైవర్ కోసం డ్రాయర్ తెరిచిన రోజు కూలబడిపోయాను. దాని పిడికి బాబాయ్ చుట్టిన నల్ల టేపు ఉంది. నాలోనే ఏదో తేడా ఉందేమో అని భయపడ్డాను. ఆ ఐదు దశల మాట 1969లో ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు రాసిన దాంట్లోంచి వచ్చిందనీ, ఆవిడ ముఖ్యంగా మాట్లాడింది చావుకి దగ్గరైన రోగులతోననీ తెలిశాక కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. దుఃఖం వరస పాటించాలని ఎక్కడా లేదు.

మూడో నెలలో పిన్ని అడిగింది. "మీ బాబాయ్ గురించి నాలుగు ముక్కలు రాసిపెట్టరా, పిల్లలకి ఉంటుంది" అని. రాశాను. స్నేహశీలి, పరోపకారి, అజాతశత్రువు. చదివి చూసుకుంటే అందులో బాబాయ్ ఎక్కడా లేరు. ఎవరి ఫొటో కిందైనా పెట్టొచ్చు ఆ మాటల్ని. చించేశాను.

తర్వాత ఆయన్ని ఎరిగినవాళ్లకి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. "బాబాయ్ ఎలాంటివారు?" అని అడిగితే అందరూ "మంచి మనిషండీ" అని ఆగిపోతున్నారు. అప్పుడు ప్రశ్న మార్చాను: "బాబాయ్ మిమ్మల్ని ఎప్పుడైనా ఎందుకైనా తిట్టారా?" దాంతో గొంతులు మారిపోయాయి. బాగయ్యే రేడియోని పారేసినందుకు రెండు రోజులు మాట్లాడలేదని ఆయన స్నేహితుడు చెప్పారు. చిన్నప్పుడు తన సైకిల్ విప్పేసి, తిరిగి బిగించలేక రాత్రంతా దాని పక్కనే కూర్చున్నాడని నాన్న చెప్పారు. ఆఫీసులో ఒకావిడ చెప్పింది మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో చేసిన తప్పుని బాబాయ్ సరిదిద్దారట, పై అధికారికి తెలియనివ్వలేదట, గది తలుపేసి మాత్రం బాగా చీవాట్లు పెట్టారట. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. ఆయన మొండితనం, వాయిదాలు, తీసుకున్న పుస్తకాలు తిరిగివ్వకపోవడం, అన్నీ రాశాను. వాటిని తీసేస్తే మనిషి పల్చబడిపోతున్నారు.

బాబాయ్ వాళ్లింటి మీటరు బోర్డు దగ్గర ఆయన చేతిరాత ఉంది. ప్రతి స్విచ్ కిందా తెల్ల టేపు అంటించి రాశారు: ముందు గది, బయట లైటు, మోటారు. చివరిదాని కింద "ముట్టుకోవద్దు, నన్ను పిలవండి." సున్నా ఎప్పుడూ పూర్తిగా మూయరు ఆయన, పైన చిన్న సందు వదిలేస్తారు. టేపు అంచులు లేచిపోతున్నాయి. ఒక్కోదాన్నీ దగ్గర్నుంచి ఫొటో తీశాను.

గొంతు విషయంలో తొందరపడాల్సి వచ్చింది. 120 రోజులు వాడకపోతే వాట్సాప్ అకౌంట్‌ని మామూలుగా తొలగించేస్తారని తెలిసి టెన్షన్ పట్టుకుంది. మనకి వచ్చిన మెసేజ్‌లు మన ఫోన్‌లో ఉంటాయి, నిజమే, కానీ ఫోన్ పోతే అవీ పోతాయి. అందుకే ఇంట్లో అందరం మా చాట్‌లని మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి రెండు చోట్ల దాచాం. మీ ఇంట్లో ఇలాంటి గొంతు ఏదైనా ఉంటే ఈ ఒక్క పని మాత్రం వాయిదా వేయకండి.

ఇవన్నీ చేసినా తమ్ముడు తేరుకోలేదు. ఎనిమిదో నెలలో కూడా నిద్ర లేదు, పనికి వెళ్లలేకపోతున్నాడు. కౌన్సెలర్ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆరు నెలలు దాటినా దుఃఖం రోజువారీ బతుకుని సాగనివ్వకపోతే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వైద్యం అవసరమైన సమస్యగానే చూస్తుందని అక్కడే తెలిసింది. "అయితే నేను బలహీనుణ్ని కాదన్నమాట" అన్నాడు వస్తూ దారిలో. ఇప్పుడు పనికి వెళ్తున్నాడు.

మొన్న పిన్నికి ఆ చివరి మెసేజ్ మొదటిసారి వినిపించాను. పదకొండు సెకన్లు. "ఏరా, పడుకున్నావా? రేపు చెయ్యి. తొందరేం లేదు." పిన్ని కళ్లు మూసుకుని వింది. అయిపోయాక చాలాసేపు ఏం మాట్లాడలేదు.

"మొదట్లో గొంతు సవరించుకున్నారు చూడు," అంది. "మాటలొద్దు. అదొక్కటి మళ్లీ పెట్టు."

పెట్టాను. ఇంకోసారి అంది. మళ్లీ పెట్టాను.