మంకీ క్యాప్, కందిపొడి, తిమింగలం ఊపిరి

మొన్న జూన్‌లో బెజవాడ మాడిపోతుంటే నేనూ అమ్మా అక్కా అలాస్కాలో ఓ చిన్న షిప్పు డెక్ మీద చలికి వణుకుతూ నిలబడి ఉన్నాం. ఇది రాయమని మా ఫ్రెండ్స్ గ్రూపులో రెండు నెలల్నుంచి నా ప్రాణం తీస్తున్నారు, అందుకే కూర్చున్నా, ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడికో పోతే ఏమనుకోకండి.

అక్కావాళ్ళు సియాటిల్‌లో ఉంటారు. అక్కడిదాకా వెళ్ళాక అలాస్కా క్రూజ్ అంటే నేను పెద్ద షిప్పే అనుకున్నా, నాలుగు వేల మంది, స్విమ్మింగ్ పూలు, అర్ధరాత్రి కూడా బఫే, అలాంటిది. అక్క మాత్రం డెబ్బై మంది పట్టే చిన్న షిప్పు బుక్ చేసింది, లిఫ్ట్ లేదు, టీవీ లేదు, ఇంటర్నెట్ అసలే లేదు, రేటు మాత్రం పెద్దదానికంటే ఎక్కువ. ఎంతయిందో ఇక్కడ రాయను, మా మావయ్య ఇది చదువుతాడు. "రేయ్, నువ్వు తిండికొస్తున్నావా తిమింగలాలకొస్తున్నావా" అంది అక్క. తిండికే అని మనసులో అనుకున్నా, పైకి అనలేదు.

జూనోలో షిప్పెక్కాలి. జూనో అలాస్కా రాజధాని, కానీ బయటి ఊళ్ళనుంచి దానికి రోడ్డే లేదు, విమానమైనా ఎక్కాలి, పడవైనా ఎక్కాలి. మేం విమానంలో దిగాం, మా పెట్టె దిగలేదు. స్వెట్టర్లు, రెయిన్ కోట్లు, గోంగూర పచ్చడి సీసా అన్నీ అందులోనే. కౌంటర్‌లో అమ్మాయి నవ్వుతూ ఫారం ఇచ్చింది, అది నింపుతుంటే నాకు ఏడుపొక్కటే తక్కువ. అమ్మ మాత్రం హ్యాండ్ బ్యాగ్‌లోంచి మంకీ క్యాప్, కందిపొడి డబ్బా బయటికి తీసి "నాకు ముందే తెలుసు" అన్నట్టు చూసింది. చెకిన్ బ్యాగుల్ని ఆవిడ ఏనాడూ నమ్మలేదు లెండి. అక్క జాకెట్టు ఒకటి చీర మీద వేసుకుని, పైన మంకీ క్యాప్, వారం రోజులూ అదే అవతారం.

అమ్మ కళ్ళ సంగతి కూడా చెప్పాలి. కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయిపోయింది, ఎడమది ఇంకా చేయించాలి. బైనాక్యులర్స్ ఇస్తే రెండు కళ్ళూ కలవట్లేదని పక్కన పెట్టేసింది. చూడ్డానికే వెళ్ళే ట్రిప్పుకి చూపు సరిగ్గాలేని మనిషిని తీసుకెళ్తున్నామేంట్రా అని నాకు లోపల ఒకటే గిల్టీగా ఉండేది.

మొదటి రెండు రోజులు ఏమీ లేదు. నిజంగా ఏమీ లేదు. పొగమంచు, వాన, బూడిదరంగు నీళ్ళు, ఒడ్డున కిలోమీటర్ల కొద్దీ పచ్చటి అడవి, అంతే. షిప్పులో నేచురలిస్టు ఒకమ్మాయి ఉండేది, జంతువుల గురించి చెప్పడమే ఆమె ఉద్యోగం, పొద్దున్న ఆరింటికే మైకులో గుడ్ మార్నింగ్ చెప్పి డెక్ మీదకి రమ్మనేది, మేం వెళ్ళి నీళ్ళు చూసి టీ తాగి వచ్చేసేవాళ్ళం. బావకి ఫోన్ చేసి తిడదామన్నా సిగ్నల్ లేదు.

మూడో రోజు సాయంత్రం, సాయంత్రం అంటే తొమ్మిదిన్నర, అక్కడ జూన్‌లో ఆ టైముకి కూడా వెలుతురే, అమ్మ వెనక డెక్ మీద కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఇంజన్ ఆపేసి ఉంది. ఉన్నట్టుండి "ఒరేయ్, ఎవరో కుక్కర్ దించారు" అంది. కుక్కరేంటమ్మా అన్నా. "ఆవిరి వదిలిన చప్పుడురా, అటు" అని ఎడమవైపు చెయ్యి చూపించింది. నాకేం వినపడలేదు, చూస్తే ఏమీ లేదు. మళ్ళీ అంది, "అదుగో, ఇంకోసారి". ఈసారి నేనూ విన్నా. పుఫ్‌ఫ్‌ఫ్ అని, బరువుగా, తడిగా. నేచురలిస్టు అమ్మాయి మెట్లెక్కి పరిగెత్తుకొచ్చేసరికి దూరంగా తెల్లటి ఆవిరి గుబురు ఒకటి, మనిషికి రెండింతల ఎత్తు, గాల్లో నిలబడి మెల్లగా కరిగిపోతోంది.

నేను ఇన్నాళ్ళూ తిమింగలం నెత్తిమీద ఫౌంటెన్ ఉంటుందనే అనుకున్నా, చిన్నప్పటి బొమ్మల పుస్తకాల్లో అలాగే ఉండేది కదా. అది నీళ్ళు కాదట, ఊపిరి. చేప కాదు కదా, మనలాగే ఊపిరితిత్తులు, పైకొచ్చి గాలి వదలాలి, పీల్చాలి, ఆ వెచ్చటి గాలి చల్లగాలికి తగిలి, దాంతోపాటు నెత్తిమీది కాసిని నీళ్ళు కూడా ఎగిరి అలా కనిపిస్తుంది. ఇంకోటి చెప్పింది ఆ అమ్మాయి, మనకి నిద్రలో ఊపిరి దానంతటదే ఆడుతుంది, వాటికి అలా కాదు, ప్రతి ఊపిరీ గుర్తుపెట్టుకుని తీసుకోవాలి, అందుకే మెదడులో సగం నిద్రపోతే సగం మేలుకుని ఉంటుందని. అక్క తెలుగులో చెప్తే అమ్మ "అయ్యో పాపం, పిల్లల తల్లికి మల్లే" అంది.

అలాస్కాలో హంప్‌బ్యాక్ తిమింగలానికి, మేం చూసింది ఈ రకమే, వంద గజాల లోపలికి పడవ పోకూడదు, రూలు. మేం పోలేదు, ఇంజన్ ఆపుకుని కూర్చున్నాం, అదే వచ్చింది. ముందు వీపు, నల్లగా, తడిసిన తారు రోడ్డులాగా, తర్వాత మళ్ళీ ఆ ఊపిరి, ఈసారి గాలి మావైపు. బాబోయ్ ఆ కంపు! చేపల మార్కెట్టూ కుళ్ళిన క్యాబేజీ కలిపినట్టు. మా ఇంట్లో గుడ్డు కూడా రానివ్వని మనిషి, చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, మంకీ క్యాప్‌లోంచి కళ్ళు పెద్దవి చేసి చూస్తూ నిలబడిపోయింది తప్ప లోపలికి రాలేదు. తర్వాత అది తోక పైకెత్తి నెమ్మదిగా దిగిపోయింది. తోక చూపించిందంటే లోతుకి పోయిందని లెక్క, ఇక కాసేపు రాదు. ఆ తోక అడుగున ఉండే నలుపు తెలుపు మచ్చలు ఏ రెండిటికీ ఒకేలా ఉండవట, మన వేలిముద్రల్లాగా, ఫొటోలు తీసి దాన్నిబట్టే ఏది ఏదో గుర్తుపడతారు.

మర్నాడు చూసింది మాత్రం జన్మలో మర్చిపోను. నీళ్ళలోకి ఒక మైకు దించారు, హైడ్రోఫోన్ అంటారు, దాని స్పీకర్ డెక్ మీద. ఏడెనిమిది తిమింగలాలు ఒక్కసారే మునిగాయి. కాసేపు గరగర, తర్వాత స్పీకర్లో ఒక అరుపు మొదలైంది, సన్నగా సాగుతూ సాగుతూ పైపైకి పోయే అరుపు, అమ్మ "శంఖం" అంది వెంటనే. పైన నీళ్ళ మీద బుడగలు గుండ్రంగా లేస్తున్నాయి, ఒక వలయం, అది చూసి పక్షులు ముందే వచ్చేసి అరుస్తున్నాయి. అరుపు టక్కున ఆగింది. ఆ వలయం మధ్యలోంచి ఏడెనిమిది నోళ్ళు, గుమ్మాలంత నోళ్ళు తెరుచుకుని ఒకేసారి పైకి లేచాయి, చిన్న చేపలు గాల్లో ఎగిరిపడుతున్నాయి. జరిగేది ఏంటంటే, ఒకటి కింద బుడగలు వదులుతూ హెర్రింగ్ చేపల మంద చుట్టూ గోడ కట్టేస్తుంది, ఇంకోటి అరిచి బెదరగొడుతుంది, చేపలు బుడగల్ని దాటలేక ముద్దగా పైకి పోతాయి, అన్నీ కలిసి నోళ్ళు తెరుస్తాయి. "మన భవానీపురం ఘాటు దగ్గర విసురు వల వేస్తారు చూడు, అదేరా, ఇవి గాలితో వేస్తున్నాయి" అంది అమ్మ. ఇంతకంటే బాగా ఏ నేచురలిస్టూ చెప్పలేదు. చలికాలం ఇవి పిల్లల్ని కనడానికి హవాయి దాకా పోతాయట, అక్కడ తిండి దాదాపు ఉండదు, అందుకే ఇక్కడ వేసవంతా ఈ మేత.

గ్లేసియర్ బే అనే సముద్రపు ఖాతంలో సీ లయన్స్, అంటే సీల్ లాంటి పెద్ద సముద్ర జంతువుల్ని, చూశాం, ఒక రాతి దీవి నిండా, ఆ గోల కాళేశ్వరరావు మార్కెట్లో పొద్దున్న కూరగాయల లారీ దిగినప్పటి గోలే, ఎవడి చోటు కోసం వాడు అరుస్తుంటాడు. సీ ఆటర్లు, అంటే సముద్రపు నీటికుక్కలు, వెల్లకిలా తేలుతూ పొట్ట మీద పిల్లని పడుకోబెట్టుకుని పోతుంటే అమ్మ వాటిని దాటి షిప్పు ముందుకి పోయినప్పుడల్లా నొచ్చుకునేది. ఒళ్ళంతా అంత దట్టమైన బొచ్చు ఉండటమే వాటి పాపం, దానికోసం వేటాడి వేటాడి దాదాపు తుడిచిపెట్టేశారు, 1911లో దేశాల మధ్య ఒప్పందం అయ్యాకే ఆ వేట ఆగింది. మంచుకొండ విరిగి నీళ్ళలో పడటం కూడా చూశాం, బాగుంది, యూట్యూబ్‌లో ఉన్నట్టే ఉంది. 1794లో ఇంగ్లీషువాళ్ళ ఓడలు వచ్చినప్పుడు ఆ బే అంతా దాదాపు మంచే, లోపలికి దారే లేదు, ఇప్పుడు లోపలికి ఎంతసేపు పోయినా నీళ్ళే.

నన్ను పట్టుకున్నది మాత్రం అదే గ్లేసియర్ బేలో బార్ట్‌లెట్ కోవ్ అనే చోట ఒడ్డున ఉన్న ఎముకలు. స్నో అనే ఆడ తిమింగలం అస్థిపంజరం, తల నుంచి తోక దాకా నలభై ఐదడుగులు, పైన కప్పు వేసి బయటే నిలబెట్టారు. తోక మీద మంచు చల్లినట్టు మచ్చలుండేవని ఆ పేరు. 1975 నుంచి తెలిసిన తిమింగలం. 2001లో క్రూజ్ షిప్పు గుద్ది చచ్చిపోయింది, అప్పుడు కడుపుతో ఉంది. ఆ షిప్పు కంపెనీ నేరం ఒప్పుకుని 2007లో ఏడున్నర లక్షల డాలర్లు కట్టింది, ఎముకలు శుభ్రం చేసి కలిపి 2014లో ఇలా పెట్టారు. నేను పెద్ద షిప్పు పెద్ద షిప్పు అని గొడవ చేసింది గుర్తొచ్చి అక్కవైపు చూడలేదు.

అమ్మ దానికి బాగా దగ్గరగా వెళ్ళింది, అంత పెద్దది కాబట్టి చూపుతో ఇబ్బంది లేదు. రెక్క దగ్గర ఆగిపోయింది. రెక్క లోపల చెయ్యి ఉంది. భుజం ఎముక, మోచెయ్యి, మణికట్టు, తర్వాత పొడుగ్గా వేళ్ళు, ఒక్కో వేలికి బోలెడు కణుపులు. అమ్మ జాకెట్టు చెయ్యి పైకి లాగి తన చెయ్యి పక్కన పెట్టి చూసుకుంది, గాజులు చప్పుడయ్యాయి. కాసేపాగి "తిమి అనే చేపని మింగేది కాబట్టి తిమింగలం అన్నారు, మీ తాతయ్య చెప్పేవారు, మరి దీని గొంతు చూడు" అంది. ఆ గొంతులో మనిషి కాదు కదా, పెద్ద చేప కూడా పట్టదట, అన్నీ చిన్న చేపలూ రొయ్య పురుగులూనే.

వీడియోల సంగతి అడక్కండి. నా ఫోన్‌లో ఉన్నవన్నీ బూడిదరంగు నీళ్ళు, వెనకనుంచి "అదుగో, అటురా, అటు" అనే అమ్మ గొంతు, ఫోన్ తిప్పేసరికి మళ్ళీ నీళ్ళు. పెట్టె మేం సియాటిల్ తిరిగొచ్చిన రోజు సాయంత్రం ఇంటికొచ్చింది, గోంగూర సీసా పగల్లేదు, అది మాత్రం ఆ ఎయిర్‌లైన్స్‌వాళ్ళ పుణ్యం.

అమ్మ రెండో కంటి ఆపరేషన్ ఆగస్టులో గుంటూరులో అయింది. వారం తర్వాత చెకప్‌కి వెళ్తే డాక్టరుగారు గోడమీద అక్షరాలు చదివించి, ఏమ్మా ఇప్పుడు బాగా కనిపిస్తోందా అని అడిగారు. కనిపిస్తోందండీ అని, లేవకుండా ఆయనకి తిమింగలం చేతివేళ్ళ గురించి చెప్పడం మొదలుపెట్టింది, బయట టోకెన్లు పట్టుకుని ఇంకా పదిహేను మంది కూర్చుని ఉన్నారు.