మిద్దె తోట ఎండ, గానుగ నూనె: ఐదు నెలల లెక్క

హైదరాబాద్‌లో మా మిద్దె మీద 42 కుండీలున్నాయి. నాలుగేళ్లుగా వాటి పనంతా నాదే. నిరుడు ఏప్రిల్‌లో మెడ వెనక, ముంజేతుల మీద చర్మం కమిలి పొట్టు లేచింది. నల్లమచ్చలు దసరా దాకా పోలేదు. అందుకే ఈసారి ఫిబ్రవరిలోనే ఒక నోటుపుస్తకం పెట్టాను. ఒంటికి రాసుకునే నూనె ఇంట్లోనే చేసుకోవాలని, ఎండకు ఏది పనిచేస్తుందో చూసి రాసుకోవాలని.

ఫిబ్రవరి: పాడైన సీసా

క్యారెట్ నూనె రాస్తే ఎండ తగలదని చాలామంది చెబితే దాంతోనే మొదలుపెట్టాను. రెండు క్యారెట్లు పచ్చివే తురిమి కొబ్బరినూనెలో వేసి కిటికీలో పెట్టాను. పొద్దున చలికి నూనె గడ్డకట్టేది (కొబ్బరినూనె 24 డిగ్రీల లోపు గడ్డకడుతుంది), మధ్యాహ్నానికి కరిగేది. తొమ్మిదో రోజు మూత తీస్తే పులిసిన వాసన, తురుము మీద బూజు. క్యారెట్‌లో ఎక్కువ భాగం నీళ్లే. ఆ తడి నూనెలో ఉన్నంతకాలం అది నిలవదు. సీసా మొత్తం పారబోశాను.

రెండోసారి తురుమును పల్చని గుడ్డ మీద పరిచి మూడు రోజులు నీడలో ఆరబెట్టాను. 100 గ్రాముల తురుము ఎండాక 13 గ్రాములు తూగింది. వేళ్ల మధ్య నలిపితే పుటుక్కున విరగాలి. మెత్తగా వంగితే ఇంకా తడి ఉన్నట్టే. ఈసారి గానుగ నువ్వుల నూనె 130 మి.లీ. తీసుకుని, నీళ్లు కాగుతున్న గిన్నెలో ఇంకో చిన్న గిన్నె పెట్టి, సన్నని సెగ మీద గంటన్నర ఉంచాను. నూనెకు నేరుగా మంట తగలనివ్వలేదు. నారింజ రంగు దిగింది. చల్లారాక పాత నూలు చీర ముక్కతో వడకట్టి, పొడిగా తుడిచిన ముదురు రంగు గాజు సీసాలో పోసి తేదీ రాశాను. తురుమును గట్టిగా పిండలేదు. పిండితే అడుగున మడ్డి చేరి త్వరగా చెడుతుంది.

నూనె కొన్నప్పుడే గానుగాయనను అడిగాను, "ఇది రాసుకుంటే ఎండ తగలదంటారు, నిజమేనా బాబాయ్?" అని. "ఒంటికి మంచిదమ్మా. ఎండకైతే తలకు తువ్వాల కట్టుకో" అన్నాడు.

మార్చి: రెండు చేతుల పరీక్ష

ముందు మోచేతి మడతలో ఒక చుక్క రాసి ఒక రోజంతా చూశాను. దురద, ఎరుపు ఏమీ లేవు. తరువాత రెండు వారాలు ఎడమ ముంజేతికి క్యారెట్ నూనె రాసుకుని, కుడి ముంజేయి వట్టిగా వదిలి, పొద్దున 9 నుంచి 10 దాకా పనిచేశాను.

రెండు చేతులూ ఒకేలా నల్లబడ్డాయి. గాజుల కింది తెల్లగీత రెండు వైపులా సమానంగానే కనిపించింది. ఎడమ చేయి మాత్రం మెత్తగా ఉంది, గోటితో గీస్తే తెల్లచార పడలేదు. నూనె చేసేది ఆ పనే. చర్మంలో తడి ఆరిపోకుండా పట్టి ఉంచుతుంది. ప్రయోగశాలలో కొలిస్తే కొబ్బరినూనె లాంటివాటికి ఎస్‌పీఎఫ్ (ఎండకు కమలకుండా ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) పదిలోపే వస్తుంది. ఒంటి మీద చెమటకు జారిపోయే పల్చటి పొర ఆపాటి కూడా ఆపదు. సరైన మోతాదులో రాసిన ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, ఎండలో చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల్లో 97 శాతం దాకా ఆపుతుంది. నూనెను దాని పక్కన నిలబెట్టి పోల్చడం సరికాదని నాకప్పుడే అర్థమైంది.

సన్‌స్క్రీన్‌లలో వాడే జింక్ ఆక్సైడ్ పొడి కొని నూనెలో కలిపితే సరిపోతుందని మా చెల్లెలు అంది. వద్దన్నాను. ఇంట్లో కలిపితే పొడి గుత్తులు గుత్తులుగా మిగిలి, ఒకచోట మందంగా, ఇంకోచోట ఖాళీగా అంటుతుంది. ఎంత కాపాడుతుందో కొలిచే దారి లేదు. నిమ్మరసం సంగతీ చెప్పాలి. నిమ్మచెట్టు కత్తిరించి చేతులు కడుక్కోకుండా ఎండలో నిలబడితే ఆ రసానికి, ఎండకు కలిసి చర్మం పొక్కులెక్కుతుంది. మచ్చలు పోవాలని ముఖానికి నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్లేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

ఏప్రిల్, మే: పుల్ల నీడ

ఈ ఐదు నెలల్లో నాకు అన్నిటికంటే పనికొచ్చింది 30 సెంటీమీటర్ల చీపురు పుల్ల. మట్టి నింపిన డబ్బాలో నిలువుగా గుచ్చి నీడ కొలిచాను. నీడ పుల్లకంటే పొట్టిగా ఉంటే సూర్యుడు 45 డిగ్రీలకు పైన ఉన్నట్టు, అతినీలలోహిత కిరణాలు బలంగా ఉన్నట్టు. ఫిబ్రవరి చివర కొలిస్తే ఆ సమయం దాదాపు 10 నుంచి 3 దాకా వచ్చింది. మే 9న అదే పుల్లకు 9 దాటగానే మొదలై 3:20 దాకా సాగింది. ఆ రోజు హైదరాబాద్‌లో నీడలేని రోజు, అంటే సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే రోజు. మధ్యాహ్నం 12:12కు పుల్ల నీడ దాని మొదట్లోకే వచ్చేసింది.

నిరుడు ఎందుకు కమిలానో అప్పుడు తెలిసింది. నేను వేడిని చూసి ఎండను లెక్కగట్టేదాన్ని. పొద్దున తొమ్మిదిన్నరకు గాలి చల్లగా ఉంటుంది కదా అని గంటల తరబడి కూర్చునేదాన్ని. సాయంత్రం అయిదింటికి మిద్దె సెగలు కక్కుతోందని పైకి పోయేదాన్నే కాదు. వేడి పతాకస్థాయికి చేరేది మూడు గంటల ప్రాంతంలో, కిరణాల బలం మాత్రం పన్నెండు దాటగానే. సాయంత్రం సెగ ఒంటికి చిరాకే కానీ, చర్మాన్ని కాల్చేది పొద్దుటి ఆ చల్లటి ఎండే. ఏప్రిల్ 20 నుంచి పనంతా 8 లోపు, లేదా 5 తరువాత.

గుడ్డ సంగతీ తేలింది. పల్చని తెల్ల చొక్కాను వెలుతురుకు ఎత్తి చూస్తే నా వేళ్లు కనిపించాయి. అంటే కిరణాలకూ దారి ఉంది, తడిస్తే ఇంకా. ముదురు నీలం చేనేత చొక్కా, చెవులూ మెడా కప్పేలా కట్టిన తువ్వాలు, వెడల్పు అంచు టోపీ వేసుకున్నాను. షేడ్‌నెట్ (మొక్కలకు నీడ కోసం కట్టే వల) కింద కూడా ఇవి తీయలేదు. ఆకాశం నుంచి చెదిరి వచ్చే కిరణాలు నీడలోనూ తగులుతాయి. ముఖానికి, మెడకు రెండు వేళ్ల పొడవు సన్‌స్క్రీన్, రెండు గంటలకోసారి మళ్లీ. దాని కింద నూనె రాస్తే పొర పొరగా జారింది, అందుకే పగలు నూనె మానేశాను.

జూన్: నూనెకు దొరికిన వేళ

ఇప్పుడు నూనె రాత్రిపూట. స్నానం చేసి, ఒళ్లు కాస్త తడిగా ఉండగానే ముంజేతులకు అర చెంచా చాలు. ఆదివారం అమ్మ చేసినట్టే నువ్వుల నూనె పట్టించి, అరగంటాగి శనగపిండి నలుగుతో రుద్దుకుంటున్నాను. కమిలిన రోజు మాత్రం నూనె ముట్టను, చల్లటి తడిగుడ్డే.

ఆ క్యారెట్ నూనె సీసాలో 40 మి.లీ. మిగిలింది. వాసన ఇంకా కమ్మగానే ఉంది. ఈసారి క్యారెట్ కూడా వేయదలచుకోలేదు. రంగు దిండు గలీబులకు అంటుతోంది తప్ప చర్మానికి తేడా కనిపించలేదు. వట్టి నువ్వుల నూనె అర లీటరు పట్టించుకొచ్చాను. ఆగస్టు మొదటి వారంలో నీడలేని రోజు మళ్లీ వస్తుంది. మబ్బు లేకపోతే పుల్ల గుచ్చి, ఆ రోజు సమయాలు ఇదే పుస్తకంలో రాసుకుంటాను.