రేజర్‌కి తుప్పు కాపలా: ఇప్పటిదాకా

ప్రస్తుతం నా దగ్గర రెండు కార్బన్ స్టీలు స్ట్రెయిట్ రేజర్లు, అంటే పిడిలోకి మడిచే మంగలికత్తులు, ఉన్నాయి. ఒకటి రోజూ గడ్డం గీసుకునేది. రెండోది పాతది, సెలూలాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ పిడిది, మచ్చలతోనే నా చేతికొచ్చింది. రోజూ వాడేది దారిలో పడింది. పాతదాంతోనే తంటా.

ఉక్కు స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే క్రోమియం కనీసం 10.5 శాతం ఉండాలి. ఆ క్రోమియం పైన కంటికి కనపడని పొర కట్టి ఇనుముని కాపాడుతుంది. ఈ కత్తులకి ఆ పొర లేదు. బదులుగా సానరాయి మీద తేలిగ్గా దారికొస్తాయి, అందుకే నాకు ఇవే ఇష్టం.

తుప్పు అనగానే అందరూ నూనె సంగతే ఎత్తుతారు. నన్నడిగితే నూనెది మూడో స్థానం. మొదటిది, నీళ్లు ఎక్కడిదాకా పోతున్నాయన్నది. కడిగేటప్పుడు కత్తి మొనని కిందికి వంచి, బ్లేడుని మాత్రమే తడుపుతున్నాను. పిడిలోకి, బ్లేడుని పిడికి బిగించే రివెట్ దగ్గరికి నీళ్లు వెళ్తే బయటికి తీయడం కష్టం, తుప్పు మొదలయ్యేది ఎక్కువగా అక్కడే. రెండోది ఆరబెట్టడం. టిష్యూతో వీపు (మందంగా ఉండే అంచు) వైపు నుంచి వాదర (పదునైన అంచు) వైపు తుడుస్తాను, వాదర వెంట ఎప్పుడూ కాదు. టిష్యూని సన్నగా మెలిపెట్టి పిడి సందులో కూడా ఒకసారి లాగుతాను. తర్వాత స్ట్రాప్ మీద, అంటే వాదరని సరిచేసే పట్టీ మీద, గుడ్డ వైపు కాసేపు, తోలు వైపు కాసేపు. వాదర మందం మైక్రాన్ కంటే తక్కువ. అక్కడ మిగిలిన తడి చేసే పాడు కంటికి ఆనదు, మర్నాడు వెంట్రుకని పట్టి లాగినప్పుడే తెలుస్తుంది. చివరికి కత్తిని తెరిచే ఓ అరగంట ఉంచి అప్పుడు మూస్తున్నాను. బాత్‌రూమ్‌లో మాత్రం కాదు! వేడినీళ్ల ఆవిరి ఉన్నచోట ఎంత తుడిచినా దండగే.

ఈ పద్ధతి మొదలుపెట్టాక రోజూ వాడే కత్తికి నూనె మానేశాను. నూనె రాస్తే స్ట్రాప్ ఎక్కించే ముందు మొత్తం తుడవాలి, లేకపోతే తోలు జిడ్డవుతుంది. రివెట్ దగ్గర మాత్రం అప్పుడప్పుడు ఒక చుక్క మినరల్ ఆయిల్ వేస్తాను. వంటనూనెలు వద్దు, చాలావాటికి నాళ్లు గడిచేకొద్దీ జిగురు కడుతుంది. బ్లేడు మీద అక్కడక్కడ బూడిదరంగు తిరిగింది. అది గట్టిగా పట్టుకున్న పొర, దాంతో భయం లేదు. ఎర్రగా పొడిలా రాలే తుప్పుని మాత్రం వెంటనే మెటల్ పాలిష్‌తో తీసెయ్యాలి.

ఇక పాత కత్తి. మచ్చలన్నీ మూసినప్పుడు పిడి లోపల ఉండే భాగంలోనే ఉన్నాయి, బయట ఉండే వీపు శుభ్రంగా ఉంది. పాలిష్ చేసి, ఆరబెట్టి, నూనె రాసి పెట్టినా అక్కడే మళ్లీ వచ్చాయి. పిడిని వాసన చూస్తే ఘాటుగా కర్పూరం, దాని వెనక పులుపు. అనుమానం తీరింది. సెలూలాయిడ్‌ని నైట్రోసెల్యులోజ్, కర్పూరం కలిపి చేస్తారు. అది కుళ్లడం మొదలైతే నైట్రోజన్ ఆక్సైడ్లు వదులుతుంది, గాలిలో తేమ కలిస్తే అది నైట్రిక్ ఆమ్లం. అంటే కత్తిని తుప్పు పట్టిస్తున్నది పిడే! దీనికి మందు లేదు, పిడి మార్చడమే. పైగా అది ఇట్టే అంటుకునే పదార్థం కాబట్టి వేడికి దూరంగా ఉంచాలి. అలాంటి పిడి పక్కన వేరే కత్తులు కూడా పెట్టకూడదు.

రివెట్ తలని సన్నటి ఆకురాయితో అరగదీసి, పిన్నుని బయటికి నెట్టి పిడి విప్పాను. వాదరకి ముందే టేపు చుట్టాను, ఆ పని మరిచిపోవద్దు. మచ్చలు చాలావరకు 2000 గ్రిట్ (బాగా సన్నటి) ఎమరీ కాగితంతో తడిగా రుద్దితే పోయాయి. గుంటలు పడ్డచోట వదిలేశాను. అవి వాదరకి దూరంగా ఉన్నాయి, అందం కోసం ఉక్కుని అరగదీయడం నాకు నచ్చదు.

కొత్త పిడి యాక్రిలిక్‌తో చేస్తున్నాను, రెండు పలకలూ కోయడం అయింది, రంధ్రాలు వేయాలి. అప్పటిదాకా బ్లేడుకి పలచగా నూనె రాసి, మూత గట్టిగా పట్టే డబ్బాలో, తేమని పీల్చే సిలికా జెల్ గింజలతో పెట్టాను. నీలం గింజలు గులాబీకి తిరిగితే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తాయి. తోలు ఒరలో మాత్రం పెట్టను, తోలు తేమని పట్టి ఉంచుతుంది. పిన్ను బిగించాక ఆ రివెట్ దగ్గర కొత్తగా ఏమైనా ఎర్రబడుతుందేమో చూసి రాస్తాను.