24 బటన్లు, ఒక్క లూప్

జర్మనీలో సాయంత్రం నాలుగైతే వేసవిలో హైదరాబాద్‌లో ఏడున్నర. అక్టోబరు చివరి ఆదివారం ఇక్కడ జర్మనీలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, అప్పట్నుంచి ఎనిమిదిన్నర. క్లయింట్ "చిన్న మార్పే" అంటూ మెయిల్ పెట్టేది దాదాపు ఆ టైంలోనే. మార్పు చేయాల్సింది మాత్రం మాదాపూర్‌లో ఉన్న మా టీమ్ పిల్లలు. వాళ్లు ఇంటికి ఎప్పుడు చేరతారన్నది చాలావరకు కోడ్ ఎలా రాశారన్న దాన్నిబట్టే ఉంటుంది. ఆన్‌సైట్‌కి, అంటే క్లయింట్ దగ్గరికి, వచ్చాకే నాకిది బాగా అర్థమైంది.

ఒక ప్లాంట్ కోసం పైథాన్‌లో, టికింటర్‌తో (స్క్రీన్ మీద బటన్లవీ చేసే పైథాన్ లైబ్రరీ) ఒక స్క్రీన్ చేశాం. 24 వాల్వులు, 24 బటన్లు. అమీర్‌పేటలో కోర్సు చేసి కొత్తగా చేరిన అబ్బాయి ఒక బటన్ రాసి, దాన్నే కాపీ చేసి నంబర్లు మార్చుకుంటూ పోయాడు. స్క్రీన్ బాగానే పనిచేసింది. తర్వాత బటన్ల వెడల్పు పెంచమన్నారు. అంటే 24 చోట్ల మార్చాలి. ఒక్కటి వదిలేసినా ప్రోగ్రామ్ ఏ ఎర్రరూ చూపించదు.

వీడియో కాల్‌లో ఇద్దరం కూర్చుని తిరగరాశాం. వాల్వుల పేర్లన్నీ ఒక లిస్టులో పెట్టి, దాని మీద ఒక ఫర్ లూప్ తిప్పాం. అంటే బటన్ చేసే కోడ్ ఒక్కసారే రాస్తాం, లిస్టులో ఒక్కో పేరుకూ అదే మళ్లీ నడుస్తుంది. వరసకు ఆరు బటన్లు. ఏది ఎక్కడ కూర్చోవాలో బడిలో నేర్చుకున్న భాగహారమే చెబుతుంది: నంబరును 6తో భాగిస్తే భాగఫలం రో, శేషం కాలమ్. లెక్క సున్నా నుంచి కాబట్టి 13కి రో 2, కాలమ్ 1.

"అక్కా, ఏ బటన్ నొక్కినా 23 అనే వస్తోంది!" అన్నాడు కాసేపటికి. లూప్‌లో బటన్లు చేసేవాళ్లు దాదాపు అందరూ ఇక్కడ ఆగుతారు. బటన్ నొక్కితే ఏం చేయాలో చెప్పే పేరులేని చిన్న ఫంక్షన్ లాంబ్డా. లూప్‌లో ఎన్నో బటనో లెక్కపెట్టేది 'ఐ'. లాంబ్డా రాసినప్పుడు అది 'ఐ' విలువను దాచుకోదు, బటన్ నొక్కినప్పుడు వెళ్లి చూసుకుంటుంది. అప్పటికి లూప్ అయిపోయి ఉంటుంది, 'ఐ'లో మిగిలేది చివరి అంకె. లాంబ్డా పక్కనే 'ఐ=ఐ' అని డిఫాల్ట్ విలువ ఇస్తే ఏ బటన్ అంకె ఆ బటన్‌కు ఉండిపోతుంది. బొమ్మలతోనూ జాగ్రత్తగా ఉండాలి. బటన్ల మీద పెట్టే బొమ్మలను, అంటే ఫోటోఇమేజ్‌లను, ఒక లిస్టులో దాచుకోకపోతే పాతవాటిని పైథాన్ తీసేస్తుంది. బటన్ ఉంటుంది, దాని మీద బొమ్మ ఉండదు.

"అన్నీ మూసెయ్" బటన్‌ను మాత్రం లూప్‌లోకి రానివ్వలేదు. దాని రంగు వేరు, నొక్కితే ముందు "ఖాయమేనా?" అని అడగాలి. ఇలాంటి ఒక్కదాని కోసం లూప్‌లో ఇఫ్‌ల (షరతుల) మీద ఇఫ్‌లు పెట్టేకంటే విడిగా నాలుగు లైన్లు రాయడమే నయం.

తర్వాత వాల్వులు 30 అయ్యాయి. అబ్బాయి లిస్టులో ఆరు పేర్లు కలిపాడు, ఐదో వరస దానంతటదే వచ్చింది. ఇప్పుడు ఆ పేర్లను కోడ్‌లోంచి తీసి వేరే ఫైల్‌లో పెడుతున్నాడు. పేరు మారితే ప్లాంట్ వాళ్లే మార్చుకోవచ్చు.