నాన్న వద్దన్న కుక్కే నాన్న వెనకాల తిరుగుతుంది

ల్యాబ్రడార్ జాతి కుక్కపిల్లని తెస్తామనగానే ప్రతి ఇంట్లో వద్దనే మనిషి ఒకరుంటారు. ఎక్కువగా నాన్నే. "బొచ్చు, కంపు, ఆ చాకిరీ ఎవడు చేస్తాడు?" అంటాడు. మూడూ నిజాలే, మూడోది మరీను. మగ ల్యాబ్ పెరిగాక 29 నుంచి 36 కిలోలు తూగుతుంది. అంత శాల్తీ బురద కాళ్లతో సోఫా ఎక్కిన ప్రతిసారీ తుడిచేది అమ్మ ఒక్కతే అయితే, ఆ కుక్కకి ఆ ఇంట్లో మంచి పేరు రావడం కల్ల. అందుకని పిల్ల గుమ్మంలోకి రాకముందే పనులు పంచేసుకోండి. వద్దన్న మనిషికి తుడిచే పని అంటగట్టకండి. అన్నం గిన్నె ఆయన చేతికివ్వండి.

రోజూ ఒకే వేళకి గిన్నె పట్టుకుని నిలబడాలి, "కూర్చో" అనాలి, వెనక భాగం నేలకి ఆనాకే గిన్నె దించాలి. మధ్యలో లేస్తే గిన్నె మళ్లీ పైకి. అంతే, అరవక్కర్లేదు. కొద్ది రోజులకి ఆయన చెప్పుల చప్పుడు వినగానే ఎదురొచ్చి, చెప్పకుండానే కూర్చుంటుంది. ఇంట్లో తన మాట మొదటిసారికే వినే ప్రాణి ఒకటుందని తెలిశాక ఎంత మొండి నాన్న అయినా మెత్తబడతాడు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, నాన్న "కూర్చో" అంటాడు, పిల్లలు "సిట్" అంటారు, నాన్నమ్మ "అట్టా కూచోవే తల్లీ" అంటుంది. కుక్క ముగ్గురినీ చూసి తోకూపుతుంది. దానికి మొండితనం అంటగట్టడం అన్యాయం. ఏ పనికి ఏ మాటో తేల్చుకుని, కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి.

తిండి దగ్గరే అసలు రాజకీయం. 2016లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాదాపు నాలుగింట ఒక ల్యాబ్రడార్ కుక్కలో పీఓఎంసీ అనే జన్యువులో కొంత ముక్క లోపించి ఉంటుందని, అలాంటివాటికి ఆకలి ఎక్కువని తేల్చారు. కాబట్టి ఆ జాలి చూపుని నమ్మకండి. 30 కిలోల కుక్కకి రోజుకి సుమారు 1,200 నుంచి 1,400 కేలరీలు చాలు. నలుగురూ ఒకరికి తెలియకుండా ఒకరు రెండేసి ఇడ్లీలు పెడితే అందులో మూడో వంతు టిఫిన్ల దగ్గరే అయిపోతుంది. పొద్దున్నే ఆ రోజు తిండి కొలిచి ఒక డబ్బాలో పోయండి. బుజ్జగింపుకైనా శిక్షణకైనా అందులోంచే తీయాలి. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి అంతే, నాన్నమ్మకైనా సరే.

మన వంటింట్లో దానికి పడనివి చాలానే ఉన్నాయి. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలని దెబ్బతీస్తాయి, అంటే కూర కలిపిన అన్నం, సాంబారు పనికిరావు. పాయసంలో కిస్‌మిస్ కిడ్నీలకి ముప్పు. ఉడికిన కోడి ఎముక పుల్లలుగా విరిగి గుచ్చుకుంటుంది. మామిడి టెంక పేగులో అడ్డుపడితే ఆపరేషనే గతి. ఆవకాయ రోజుల్లో డాబా తలుపుకి గొళ్లెం పెట్టాల్సింది వడియాల కోసం మాత్రమే కాదు. ఇంకో సంగతి: ఛాతీ లోతుగా ఉండే పెద్ద కుక్కలకి పొట్ట ఉబ్బి మెలితిరిగే ప్రమాదం ఉంది. రెండు పూటలుగా పెట్టండి, తిన్నాక గంటసేపు పరుగులు వద్దు. పొట్ట బిగిసి, వాంతికి ఓకరిస్తూ ఏమీ రాకపోతే తెల్లారేదాకా ఆగకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

ఇక బొచ్చు. ల్యాబ్‌కి పైన ముతక వెంట్రుక, కింద మెత్తటి నూగు, రెండు పొరలుంటాయి. ఏడాది పొడుగునా రాలుతుంది. ఎండాకాలమని గుండు కొట్టించకండి, ఆ పొరే చర్మాన్ని ఎండ నుంచి కాపాడుతుంది, మళ్లీ సరిగ్గా మొలుస్తుందన్న నమ్మకమూ లేదు. వారానికి మూడు నాలుగుసార్లు వరండాలో దువ్వండి. ముందు లోపలి నూగు తీసే దువ్వెన, తర్వాత రబ్బరు బ్రష్. దువ్వాకే స్నానం. తిరగేసి చేస్తే నూగు తడిసి ఉండలు కడుతుంది, కింద చర్మం ఆరదు, వానాకాలంలో అక్కడే పుండు లేస్తుంది. ఇంట్లో చీపురుతో ఊడిస్తే బొచ్చు గాల్లోకి లేచి పప్పులో పడుతుంది. ముందు తడిగుడ్డతో తుడిచి పోగు చేయండి. సోఫా మీద రబ్బరు గ్లౌజు తడిపి ఒకే వైపుకి లాగితే చాపలా చుట్టుకుని వస్తుంది. వాషింగ్ మెషీన్ ఫిల్టర్ మర్చిపోవద్దు.

తడిసిన కుక్క ఒళ్లు విదిలించేది సెకనుకి నాలుగైదు ఊపులు. గోడలకి చుక్కలు, ఇస్త్రీ చొక్కాకి చుక్కలు. దగ్గరగా గమనిస్తే ఆ విదిలింపు తలలో మొదలై, భుజాల మీదుగా నడుముకి, చివర తోకకి పాకుతుంది. కాబట్టి తల దగ్గరే ఆపాలి: మూతి మీద మెల్లగా చెయ్యి వేసి ఉంచి, తువ్వాలు కప్పాక వదలండి. సబ్బు నీళ్లు పోసేటప్పుడు తలని ఆఖరికి ఉంచుకుంటే సగం గొడవ తప్పుతుంది. నేల మీద ఉచ్చ పోస్తే నల్ల ఫినాయిల్ వాడకండి, అది కుక్కలకి విషం. పీల్చేలా గుడ్డ అద్ది, ఎంజైమ్ ఉన్న క్లీనర్ పోసి ఆరనివ్వండి. వాసన మిగిలితే మళ్లీ అక్కడే పోస్తుంది.

చెప్పులు కొరకడం మూడు నుంచి ఏడో నెల దాకా, పళ్లు మారే వయసులో ఎక్కువ. ఎత్తుకెళితే వెంటపడకండి, అది ఆటనుకుంటుంది. చల్లటి క్యారెట్ చూపిస్తే చెప్పు దానంతటదే వదిలేస్తుంది.

సినిమాలో చూసి సెయింట్ బెర్నార్డ్ కావాలనే వాళ్లకి ఒక మాట. అది ఆల్ప్స్‌లో 2,469 మీటర్ల ఎత్తున్న కనుమ దగ్గర, మంచులో పెరిగిన జాతి. మే నెల విజయవాడలో దానికి ఏసీ గది తప్ప బతుకు లేదు. చొంగ తుడవడానికి రోజంతా భుజాన గుడ్డ ఉండాలి. సరదాకి ఆ ప్రాణిని హింస పెట్టడమే అది.

చుట్టాలొచ్చేవేళ మాత్రం ఇంటిల్లిపాదీ ఒక్క మాట మీద ఉండాలి. మీదకి దూకితే వీపు తిప్పండి, మాట్లాడకండి, నాలుగు కాళ్లూ నేల మీద ఆనాకే నిమరండి. బాబాయి ఒక్కడు "పర్లేదులే, రా రా" అని ముద్దుచేస్తే మిగతావాళ్ల కష్టమంతా గంగలో పోసినట్టే. ముందు బాబాయికి నేర్పండి. ఆయన వినకపోతే, గంట మోగగానే కుక్కకి తాడు కట్టి ఆ కొస నాన్న చేతికివ్వండి.