టెర్రస్ మీద అడ్డసరం: నా అనుభవం

టెర్రస్ మీది నా కుండీల గురించి అపార్ట్‌మెంట్లో నడిచిన గొడవ నిన్నటితో తేలింది గానీ ఒళ్లు మంట తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. మాది గుంటూరు. మా వారు మిర్చి యార్డులో గుమస్తా. సీజన్ మొదలైతే పగలంతా టిక్కీల (మిర్చి బస్తాల) మధ్యే, ఇంటికొచ్చాక ఆ ఘాటుకి రాత్రంతా దగ్గు. ఆయన కోసమే, దగ్గుకి ఆకు కషాయం కాచే అడ్డసరం మొక్కని టెర్రస్ మీద కుండీల్లో పెట్టాను.

పెంచడానికి పెద్ద కష్టమేం లేదు. తెనాలి దగ్గర మా అత్తగారి ఊళ్లో పొలం కంచెంతా అదే, మేకలు మూతి పెట్టవు. తొలకరికి పెన్సిలంత లావు కొమ్మ తెచ్చి ఇసక మట్టిలో గుచ్చితే పట్టేసింది. తెల్లపూలు, లోపల ఊదా చారలు, నోరు తెరిచినట్టుంటాయి.

ఏడిపించింది అపార్ట్‌మెంట్ కమిటీ. పై ఫ్లోరు వాళ్ల సీలింగుకి చెమ్మ వచ్చిందట. మీటింగులో సెక్రటరీ లేచి అందరి ముందూ, "ఈవిడ గారి ఆకుల పిచ్చికి బిల్డింగ్ పాడైపోతోంది, దగ్గొస్తే డాక్టరు దగ్గరికెళ్లాలి గానీ గడ్డి తింటారా అండీ" అన్నాడు. అంతా నవ్వారు. చలికాలం వస్తే మా తలుపు కొట్టి ఆకులు పట్టుకెళ్లే పక్కింటావిడ కూడా నవ్వింది. నాకు గొంతు పెగల్లేదు. మర్నాడు చూస్తే కుండీలు మెట్ల కింద చీకట్లో ఉన్నాయి, ఒకటి పగిలి వేళ్లు బయటపడి ఉంది. నా డబ్బులతో ప్లంబర్ని పిలిపించాను. ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపు జాయింటు కారుతోంది, ఆ నీళ్లు నిలిచి స్లాబుకి పాచి పట్టింది, నా కుండీలుండేది అవతలి మూల. ఫోటోలు గ్రూపులో పెట్టాను. ఒక్కరూ సారీ అనలేదు, కుండీలు మాత్రం నిన్న పైకి చేరాయి.

గడ్డి అన్నాడే, ఆ ఆకులో వాసిసిన్ అనే రసాయనం ఉంటుంది. దాన్ని ఆధారం చేసుకునే బ్రోమ్‌హెక్సిన్ తయారు చేశారు, దాన్నుంచి ఆంబ్రాక్సాల్ వచ్చింది. కఫం సిరప్ సీసా మీద ఆ పేర్లుంటాయి, చదువుకోమనండి.

నేనైతే రెండు ముదురు ఆకులు, కాసిని మిరియాలు, అల్లం ముక్క వేసి గ్లాసు నీళ్లు సగమయ్యేదాకా మరిగించి, గోరువెచ్చగా అయ్యాక తేనె కలిపిస్తాను. పరమ చేదు, కానీ కఫం తెగుతుంది. గర్భిణులు మాత్రం అస్సలు తాగకూడదు, గర్భసంచి ముడుచుకునేలా చేస్తుంది. దగ్గు రెండు వారాలు దాటితే కషాయం నమ్ముకుని కూర్చోకండి, గవర్నమెంటు ఆసుపత్రిలో కళ్లె పరీక్ష చేయించుకోండి. మా వారికి ముందు అది చేయించాకే కషాయం మొదలుపెట్టాను, ఆ సంగతి సెక్రటరీ అడిగితేగా!

అపార్ట్‌మెంట్లో పెంచేవాళ్లు కుండీ కింద పళ్లెం పెట్టండి, పెట్టక ముందే స్లాబుని తేదీ పడేలా ఫోటో తీసి దాచుకోండి.